సర్దలేని అంకెల్లోనే అసలు కథ: పాత కారు ముందు చక్రాల అలైన్‌మెంట్

పదిహేనేళ్లు దాటిన కారు ఎడమకి లాగుతోందని చెబితే తిరుపతిలో ఏ మెకానిక్ షెడ్డులోనైనా మొదట వినబడే మాట ఒకటే: "అలైన్‌మెంట్ చేయించండి సార్." రేణిగుంట రోడ్డులోనో కరకంబాడి రోడ్డులోనో ఉన్న టైర్ల షాపుకి వెళితే అరగంటలో పని అయిపోతుంది. తెర మీద ఎర్రగా ఉన్న అంకెల్లో రెండు పచ్చబడతాయి, కొన్ని వందల రూపాయలు చేతులు మారతాయి. బండి షాపు వదిలి నాలుగు కిలోమీటర్లు పోయేసరికి మళ్లీ ఎడమకే. ఇందులో మోసం ఉండి తీరాలని లేదు. చాలాసార్లు షాపువాడు తన పని సరిగ్గానే చేసి ఉంటాడు. తేడా అంతా వరసలో ఉంది. కొత్త కారుకి అలైన్‌మెంట్ మొదటి పని అయితే కావచ్చు, పాత కారుకి మాత్రం అది చిట్టచివరి పని.

ఎందుకో తెలియాలంటే చక్రం నిలబడే తీరుని తేల్చే మూడు కోణాల సంగతి కొంచెం తెలియాలి. పైనుంచి చూసినప్పుడు రెండు ముందు చక్రాల ముందంచులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే టో-ఇన్, దూరంగా ఉంటే టో-ఔట్. కారుకి ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం ఇంజిన్ వైపు వాలితే నెగెటివ్ క్యాంబర్, బయటికి వాలితే పాజిటివ్ క్యాంబర్. స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ ఇరుసు చుట్టూ తిరుగుతుందో, ఆ ఇరుసు పైకొస వెనక్కి వాలి ఉండటం క్యాస్టర్. మలుపు దాటాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకి వచ్చేది ముఖ్యంగా దీనివల్లే.

మారుతి 800, పాత ఆల్టో, శాంట్రో, ఇండికా - చిత్తూరు, తిరుపతి రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న పాత చిన్న కార్లు దాదాపు అన్నిటికీ ముందువైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ కలిసి ఒకే నిలువు స్తంభంగా చక్రాన్ని పట్టి ఉంచే అమరిక. వీటిలో షాపువాడు సర్దగలిగేది టో ఒక్కటే. స్టీరింగ్ కదలికని చక్రానికి అందించే టై రాడ్డు మర తిప్పితే అది మారుతుంది. క్యాంబర్, క్యాస్టర్ ఫ్యాక్టరీలో బాడీ తయారైనప్పుడే ఖాయమైపోతాయి. ఇప్పుడు చిక్కు చూడండి. బండి లాగేది పాజిటివ్ క్యాంబర్ ఎక్కువున్న వైపుకి, లేదా క్యాస్టర్ తక్కువున్న వైపుకి. టో ఎంత తప్పినా బండి కదలగానే ఆ తప్పును రెండు చక్రాలూ చెరి సగం పంచుకుంటాయి. దానివల్ల టైరు అరుగుతుంది, స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది, అంతేగాని బండి పక్కకి లాగడం అరుదు. అంటే, షాపులో సర్దే కోణం బండిని లాగించేది కాదు, లాగించే కోణం షాపులో సర్దేది కాదు.

"ఈ బండికి క్యాంబర్ సెట్ కాదు సార్, అది అంతే" అని షాపువాడు అంటే, అందుకే ఆ మాట నిజమే. కాని ఆరా మొదలవ్వాల్సింది సరిగ్గా అక్కడే. సర్దడానికి వీల్లేని కోణం తనంతట తాను ఎలా మారింది? ఏదో ఒక ముక్క వంగితేనో, అరిగితేనో, ఉన్న చోటు నుంచి జరిగితేనో తప్ప మారదు. టో అంకె చూస్తే కిందటిసారి టై రాడ్డుని ఎవరెలా తిప్పారో తెలుస్తుంది. క్యాంబర్, క్యాస్టర్ అంకెలు చూస్తే బండికి ఇన్నేళ్లలో ఏం జరిగిందో తెలుస్తుంది.

లాగుడు వేరు, వంకర వేరు

ఈ రెండు ఫిర్యాదుల్నీ కలిపేసి చెప్పడం మామూలు. స్టీరింగ్ మీద చెయ్యి తేలిగ్గా ఆనించి వదిలితే బండి పక్కకి పోవడం లాగుడు. బండి నేరుగానే పోతూ స్టీరింగ్ మాత్రం ఒక పక్కకి వాలి ఉండటం వంకర. రెండోది నిజంగానే టో పని, అది అలైన్‌మెంట్ షాపులో తీరుతుంది. మొదటిది అక్కడ తీరే అవకాశం తక్కువ. మూడోది కూడా ఒకటుంది, దాని గురించి ఎవరూ అడగరు: కుడి మలుపు తిరిగాక కొంతసేపు కుడికీ, ఎడమ మలుపు తిరిగాక కొంతసేపు ఎడమకీ లాగడం. ఏ వైపు తిప్పితే ఆ వైపు గుర్తుపెట్టుకున్నట్టు ప్రవర్తించే ఈ బండికి కోణాల్లో తేడా ఏమీ ఉండకపోవచ్చు. స్ట్రట్ పైన ఉండే మౌంటు బేరింగు బిగుసుకుపోయి ఉంటుంది, లేదా బాల్ జాయింటు (చక్రం అటూ ఇటూ తిరగడానికి కింద ఉండే గుండ్రటి కీలు) ఎండిపోయి ఉంటుంది. బానెట్ తెరిచి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా ఇంకొకరు స్ట్రట్ స్ప్రింగు మీద వేళ్లు ఆనిస్తే, స్ప్రింగు మెత్తగా తిరగకుండా మెలిబడి టంగుమని వదలడం తెలుస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద ఇది దాచినా దాగదు. ముడి మలుపు దాటాక స్టీరింగ్‌ని చేత్తో వెనక్కి లాక్కోవాల్సి వస్తే, అదీ రెండు వైపుల మలుపుల్లోనూ వస్తే, చూడాల్సింది స్ట్రట్ తలనే.

ముందు రోడ్డునీ గాలినీ లెక్కలోంచి తీసేయాలి

వాన నీళ్లు నిలవకుండా రోడ్డుకి అడ్డంగా వాలు పెడతారు. తారు రోడ్డుకి అది సాధారణంగా 2 నుంచి 2.5 శాతం, అంటే మీటరు వెడల్పుకి రెండు, రెండున్నర సెంటీమీటర్లు. ఎడమ పక్కన నడిపే దేశంలో ఏ కారైనా చేతులు వదిలితే మెల్లగా ఎడమకి జరుగుతుంది. నాలుగు వరసల హైవే మీద ఈ అనుమానం తీర్చుకోలేం. అక్కడ ఒక పక్క రోడ్డంతా డివైడరు నుంచి బయటి అంచుకి ఒకే వాలుగా ఉంటుంది కాబట్టి లైను మారినా వాలు మారదు. పాకాల, దామలచెరువు వైపు మధ్యలో ఎత్తు ఉండే పాత రెండు వరసల రోడ్డు పనికొస్తుంది. తెల్లవారుజామున, ఎదురుగా ఏ బండీ లేదని చాలా దూరం వరకూ కనబడే చోట కొద్దిసేపు కుడి సగంలో నడిపి చూస్తే చాలు. అక్కడ బండి కుడికి జరిగితే అది రోడ్డు వాలు. అక్కడా ఎడమకే పోతే తేడా బండిలో ఉంది. మామిడికాయల కాలంలో మాత్రం దామలచెరువు దరిదాపుల్లో ఈ పరీక్ష పెట్టుకోకపోవడమే మంచిది, ట్రాక్టర్ల మధ్య రోడ్డు ఏ వైపు వాలిందో కూడా కనబడదు.

గాలి సంగతి అందరికీ తెలిసిందే, అయినా సరిగ్గా చూసేవారు తక్కువ. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఉండే స్టిక్కరు ప్రకారం, ఉదయం బండి తీయక ముందు, చల్లటి టైర్లలో, ఒకే గేజితో నాలుగూ చూడాలి. ఒక పక్క బంకులో, ఇంకో పక్క పంక్చరు షాపులో పట్టించిన గాలి ఒక్కటి కాదు. ముందు టైర్లలో నాలుగైదు పాయింట్లు తేడా ఉంటే చాలు, గాలి తక్కువున్న వైపు బండి లాగుతుంది.

తరవాతి పరీక్షకి పైసా ఖర్చు లేదు, మొత్తం వ్యవహారంలో దీనికి మించిన పరీక్షా లేదు: ముందు ఎడమ చక్రాన్ని కుడికి, కుడి చక్రాన్ని ఎడమకి మార్చడం. లాగే వైపు మారిపోతే జబ్బు టైరులో ఉంది. రేడియల్ టైరు లోపలి పొరల్లో ఏ కొంచెం ఎగుడుదిగుడు ఉన్నా టైరు సన్నటి గరాటులా ఒక పక్కకే దొర్లుతుంది, పైకి చూస్తే ఏమీ తెలియదు. రెండు వేర్వేరు కంపెనీల టైర్లు, సెకండ్ హ్యాండ్ టైర్లు వేసిన పాత బండ్లలో ఇది మరీ ఎక్కువ. టైరు పక్కన నాలుగంకెల గుర్తు కూడా అప్పుడే చూసుకోవచ్చు. 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారైంది అని. తిరగాల్సిన దిశ బాణంతో గుర్తు పెట్టి ఉన్న టైర్లని అటూ ఇటూ మార్చకూడదు, వాటిని ముందువి వెనక్కి వేసి చూడాలి. టైర్లు మార్చినా లాగే వైపు మారకపోతే అప్పుడు బండి కిందకి దూరాలి.

అంతకంటే ముందు బ్రేకు. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ పిస్టన్ తుప్పుకి ఇరుక్కుంటే బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కుని పట్టుకునే ఉంటుంది, బండి ఆ వైపుకి లాగుతుంది. సమతల రోడ్డు మీద బ్రేకు పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు నడిపి, మెల్లగా ఆపి, రెండు ముందు రిమ్ముల దగ్గరికి అరచెయ్యి తీసుకెళితే వేడి తేడా తెలిసిపోతుంది. డిస్కు మాత్రం ముట్టుకోకూడదు. ఈ పరీక్ష ఘాట్ దిగాక చేస్తే వృథా. పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగి బంగారుపాళెం చేరేసరికి ఏ బండికైనా రెండు రిమ్ములూ కాలుతూనే ఉంటాయి. బ్రేకు తొక్కినప్పుడే బండి ఒక పక్కకి పోతుంటే సరిగ్గా పట్టనిది సాధారణంగా రెండో పక్క బ్రేకు. ఇంకో కారణం కూడా ఉంది, అది బ్రేకులకి సంబంధం లేనిది, కాసేపట్లో వస్తుంది.

అరచేతితో టైరు చదవడం

మెషీను ఎక్కించక ముందే బండి చరిత్ర టైరు మీద రాసి ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి ఆపితే ముందు టైరు పరుపు (రోడ్డుకి తగిలే భాగం) మొత్తం బయటికి కనబడుతుంది. అరచెయ్యి దాని మీద పరిచి, మొదట బయటి అంచు నుంచి లోపలి అంచుకి, తరవాత లోపలి నుంచి బయటికి నెమ్మదిగా జరపాలి. రెండు వైపులా ఒకేలా తగిలితే టో బాగానే ఉంది. ఒక వైపు జారుతూ, తిరిగి వచ్చేటప్పుడు చేప పొలుసుల్ని ఎదురు నిమిరినట్టు గీరుకుంటే టో తప్పింది. చెయ్యి లోపలికి పోయేటప్పుడు నున్నగా, బయటికి వచ్చేటప్పుడు గరుకుగా ఉంటే టో-ఇన్ ఎక్కువైంది. దానికి తిరగబడితే టో-ఔట్. కారణం కష్టమైందేమీ కాదు. టో-ఇన్ ఉన్న చక్రం లోపలికి పోవాలని చూస్తుంది, బండి దాన్ని నేరుగా ఈడుస్తుంది. దాంతో టైరు బయటి వైపుకి ఒరుసుకుంటూ పోతుంది. పరుపు మీద ఉన్న ప్రతి గట్టుకీ బయటి అంచు గుండ్రంగా అరిగిపోయి లోపలి అంచు పదునుగా మిగులుతుంది.

ఈ ఒరుపు ఎంతో లెక్క వేసుకోవచ్చు. 12 అంగుళాల రిమ్ము అంచుల దగ్గర కొలిచినప్పుడు టో ఉండాల్సిన దానికన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉందనుకుందాం. చక్రానికి పావు డిగ్రీ చొప్పున పడుతుంది. వినడానికి ఏమీ కాదు. కాని ప్రతి కిలోమీటరుకీ ఒక్కో టైరు నాలుగు మీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చుకుంటూ పోతుంది. తిరుపతి నుంచి చెన్నై సుమారు 135 కిలోమీటర్లు. ఒక్క పోకకే అర కిలోమీటరు పైన దూరం టైరుని రోడ్డుకి అడ్డంగా గీకినట్టు. జనం "బండి టైర్లు తినేస్తోంది" అనేది దీన్నే.

క్యాంబర్ తప్పినప్పుడు అరుగుదల ఇలా ఉండదు. పొలుసులు తగలవు. ఒక భుజం మాత్రం నున్నగా, ఏటవాలుగా తగ్గిపోతుంది. నెగెటివ్ ఎక్కువైతే లోపలి భుజం. నిలబడి చూస్తే ఇది కనబడదు, చాలామందికి లోపలి తీగలు బయటపడ్డాకే తెలుస్తుంది. అందుకే స్టీరింగ్ తిప్పి చూడమనేది. రెండు భుజాలూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువ. నడుమ అరిగి భుజాలు మిగిలితే గాలి ఎక్కువ. అక్కడక్కడ గుంటలు పడితే షాక్ అబ్సార్బర్లు చచ్చిపోయాయి, లేదా బ్యాలెన్సింగ్ లేదు.

తిరుపతి బండ్ల విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. రోజూ కొండెక్కి దిగే బండి టైర్లు మామూలు పుస్తకం లెక్కలకి లొంగవు. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు. ఆ ముడి మలుపుల్లో బండి బరువంతా ముందుకి, బయటి చక్రం మీదకి పడుతుంది, టైరు బయటి భుజం రోడ్డుకి రాసుకుంటుంది. కుడి మలుపులూ ఎడమ మలుపులూ రెండూ ఉంటాయి కాబట్టి రెండు ముందు టైర్ల బయటి భుజాలూ దాదాపు సమానంగా గుండ్రబడతాయి. దీన్ని చూసి టో-ఇన్ ఎక్కువైందని తేల్చి సర్దేస్తే లేని జబ్బుకి మందు వేసినట్టే. తేడా పట్టడానికి మళ్లీ అరచెయ్యే గతి. ఘాట్ అరుగుదలలో భుజం గుండ్రబడుతుంది గాని నడుమ గట్లు రెండు వైపులా నున్నగానే తగులుతాయి. నడుమ గట్లకి కూడా పొలుసులు ఉంటేనే టో. ఒకే టైరు భుజం పోతే అది ఘాట్ పని కాదు, ఆ వైపు క్యాంబర్ చూడాలి. నెమ్మదిగా తిరిగే మలుపులో ఒకే టైరు, అదీ ఒకే వైపు తిరిగేటప్పుడు కీచుమంటుంటే స్టీరింగ్ ఆర్మ్ (టై రాడ్డు చక్రాన్ని తిప్పడానికి పట్టుకునే చెయ్యి) వంగి ఉండవచ్చు. నేరుగా ఉన్నప్పుడు టో అంకె పచ్చగానే ఉండి, మలుపులో మాత్రం చక్రాలు ఒకదాన్నొకటి ఎదిరించే పరిస్థితి అది.

జాకీ మీద

పాత బండికి అసలు పరీక్ష ఇది. సమతలంగా ఉన్న నేల మీద, వెనక చక్రాలకి అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టాలి. జాకీని నమ్మి కిందకి దూరకూడదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక ఉందా? ఉంటే బేరింగు కావచ్చు, బాల్ జాయింటు కావచ్చు. ఏదో తేల్చడానికి చిన్న కిటుకు: ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపాలి. ఆ కదలిక (ప్లే) పోతే బేరింగు, పోకపోతే జాయింటు. ఏ సంవత్సరమైనా నవంబరు వానల్లో నీళ్లలో నిలబడిన బండి అయితే బేరింగుని మొదట అనుమానించాలి. గ్రీజులోకి నీళ్లు దిగితే ఆ ఊగిసలాట నెలల తరవాత బయటపడుతుంది. 2021 నవంబరు వరదలో తిరుపతి వీధుల్లో మునిగిన కార్లలో కొన్ని ఆ తరవాత సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కి వచ్చి ఉంటాయని అనుకోవడం అతిశయోక్తి కాదు.

చక్రాన్ని అటూ ఇటూ పట్టుకుని ఊపినప్పుడు ప్లే వస్తే టై రాడ్ ఎండ్ (టై రాడ్డు కొసన ఉండే కీలు), లేదా ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే టై రాడ్లని అటూ ఇటూ నెట్టే పళ్ల కడ్డీ) లోపలి జాయింటు. టై రాడ్ ఎండ్‌ని బండి నేల మీద ఉండగానే చూడటం ఇంకా మేలు. ఒకరు స్టీరింగ్‌ని అంగుళం మేర అటూ ఇటూ కదుపుతుండగా ఇంకొకరు జాయింటు చుట్టూ వేళ్లు ఆనించాలి. బాగున్న జాయింటులో రాడ్డూ చక్రం వైపు ఆర్మూ ఒకేసారి కదులుతాయి. అరిగినదానిలో రాడ్డు ముందు కదిలి, రెప్పపాటు ఆగి, టక్కున ఆర్మ్ కదులుతుంది. వేలికి అది స్పష్టంగా తగులుతుంది. ర్యాక్ లోపలి జాయింటు రబ్బరు గొట్టంలో దాగి ఉంటుంది. గొట్టాన్ని పైనుంచే నొక్కి పట్టుకుని ఇదే పని చేయవచ్చు.

మెషీనుకి ఈ ప్లే కనబడదు. మెషీను కొలిచేది నిలబడి ఉన్న బండిని. నడిచే బండిలో ఇంజిన్ చక్రాల్ని ముందుకి లాగుతుంది, బ్రేకు వెనక్కి నెడుతుంది. జాయింటులో సందు ఉంటే చక్రం ఆ సందు మేరకి ఊగుతూనే ఉంటుంది. అరిగిన టై రాడ్ ఎండ్‌తో వచ్చిన పచ్చ అంకె ఆ క్షణానికి నిజం, రోడ్డు మీద కాదు.

ఇక బుష్‌లు, అంటే ఇనుప ముక్కలు కలిసే చోట ఉండే రబ్బరు మెత్తలు. మారుతి 800లో, దాని కోవలోనే వచ్చిన పాత ఆల్టోలో, స్టెబిలైజర్ బార్‌కి రెండు పనులు. మలుపుల్లో బండి ఒరగకుండా చూడటం ఒకటి. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి) ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టి ఉంచడం రెండోది. ఆ బార్ కొస లోయర్ ఆర్మ్‌లోంచి దూరే చోట రబ్బరు బుష్ ఉంటుంది. చిత్తూరు ఎండలకి పదేళ్లలో అది చిట్లుతుంది, ఇంజిన్ ఆయిల్ కారి పడితే ఇంకా తొందరగా ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు బ్రేకు తొక్కగానే ఆ చక్రం కింద భాగం వెనక్కి జరుగుతుంది, స్ట్రట్ తల ఉన్నచోటే ఉంటుంది. క్యాస్టర్ ఆ వైపు తగ్గిపోతుంది, బండి ఆ వైపుకి పోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే చక్రం ముందుకి లాగబడుతుంది, ఇప్పుడు బండి రెండో వైపుకి. బ్రేకుకి ఒక పక్క, యాక్సిలరేటర్‌కి ఇంకో పక్క లాగే బండిని చూస్తే బ్రేకు ప్యాడ్లు మార్చే ముందు ఈ బుష్ చూడాలి. గుంతలో పడినప్పుడు కింద డుబ్బుమనే చప్పుడు కూడా తోడైతే అనుమానమే లేదు. లోయర్ ఆర్మ్‌కీ క్రాస్ మెంబర్‌కీ (బండి అడుగున అడ్డంగా ఉండే దూలం) మధ్య పొడవాటి ఇనుప లివరు పెట్టి కదిపితే ఎంత జరుగుతుందో కళ్లముందే కనబడుతుంది. రెండు వైపులా చూసి పోల్చుకోవాలి. ఒక వైపే చూస్తే ఎంత కదిలితే ఎక్కువో తెలియదు.

క్వాలిస్ లాంటి పెద్ద బండ్లలో ముందు రెండేసి ఆర్ములు, టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) ఉంటాయి. వాటికి బరువు ఏ ఆర్మ్ మీద పడుతుందో చూసి ఆ ఆర్మ్ కిందే జాకీ పెట్టాలి, లేకపోతే బాల్ జాయింటు ప్లే బయటపడదు. టార్షన్ బార్ కాలం గడిచేకొద్దీ సడలి ముందు భాగం దిగిపోతుంది, దిగితే క్యాంబరూ టో రెండూ మారతాయి. కాబట్టి ముందు ఎత్తు సరిచేసి తరవాతే కోణాలు ముట్టుకోవాలి. ఈ బండ్లలో క్యాంబర్, క్యాస్టర్ కూడా సర్దడానికి వీలుంటుంది. వాటి లెక్క వేరు.

ప్రింట్ కాగితం

షాపులో అడగాల్సింది సర్దిన తరవాతి కాగితం కన్నా సర్దక ముందు కాగితం. చాలా చోట్ల దాన్ని ప్రింట్ తీయరు, తెర మీద చూపించి చెరిపేస్తారు. ఇంకోటి, క్యాస్టర్ కొలవాలంటే చక్రాల్ని రెండు వైపులా తిప్పి చూడాలి, దానికి సమయం పడుతుంది కాబట్టి దాన్ని దాటేయడం ఎక్కువ. అడిగి చేయించుకోవాలి. ఆ తిప్పుడులోనే ఇంకో అంకె కూడా వస్తుంది. కాగితం మీద ఎస్.ఏ.ఐ. అనో కే.పీ.ఐ. అనో ఉంటుంది. ఎదురుగా చూసినప్పుడు స్టీరింగ్ తిరిగే ఇరుసు లోపలికి ఎంత వాలి ఉందో అది చెబుతుంది. ఆ అంకె మీద ఎవరూ దృష్టి పెట్టరు. పాత బండికి దానికన్నా విలువైనది ఆ కాగితంలో లేదు.

క్యాంబర్‌నీ ఈ వాలునీ కలపండి. స్ట్రట్, నకిల్ (చక్రం బిగించే ఇనుప భాగం) ఒకే ముక్కగా బిగించి ఉంటాయి కాబట్టి ఈ రెండిటి మొత్తం, ఆ ముక్క వంగనంత కాలం, మారదు. ఉదాహరణకి కుడి వైపు క్యాంబర్ 0, వాలు 12 డిగ్రీలు, మొత్తం 12. ఎడమ వైపు క్యాంబర్ మైనస్ 1. ఎడమ వాలు 12 ఉంటే మొత్తం 11 అయింది. ఒక డిగ్రీ ఎక్కడో పోయింది, అంటే స్ట్రట్ గానీ నకిల్ గానీ వంగింది. ఏదో గుంతలోనో, డివైడరుకి తగిలో జరిగిన పని, స్ట్రట్ మారిస్తే తీరవచ్చు. అదే ఎడమ వాలు 13 ఉంటే మొత్తం 12, కుడితో సమానం. ముక్క వంగలేదు, మొత్తంగా లోపలికి ఒరిగింది. స్ట్రట్ తల బిగించే చోట బాడీ లోపలికి జరిగి ఉండవచ్చు, పాత యాక్సిడెంటు కావచ్చు, లోపలి తుప్పు కావచ్చు. అలాంటి బండికి కొత్త స్ట్రట్ వేసినా అంకె అలాగే ఎర్రగా ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఈ కాగితం ఒక్కటి తీయించుకుంటే, "చిన్న గీత కూడా పడలేదండీ" అన్న అమ్మకందారు మాట ఎంత నిజమో అక్కడే తేలిపోతుంది.

క్యాస్టర్ ఒక వైపు తగ్గితే ఆ వైపు బుష్, లేదా వెనక్కి వంగిన లోయర్ ఆర్మ్. పక్క నుంచి చూస్తే ఫెండర్ ఖాళీలో చక్రం ఒక వైపు వెనక్కి జరిగి ఉండటం కూడా కనబడుతుంది.

ముందు టో సరిగా ఉండీ స్టీరింగ్ పదే పదే వంకరపోతుంటే వెనక ఇరుసు చూడాలి. 800లో వెనక ఇరుసుని పట్టి ఉంచే రాడ్ల బుష్‌లు అరిగితే ఇరుసు మొత్తం మెలితిరుగుతుంది, బండి కొంచెం ఏటవాలుగా నడుస్తుంది. ఇది నడిపేవాడికన్నా వెనకాల బైకు మీద వచ్చేవాడికి ముందు తెలుస్తుంది.

సర్దేటప్పుడు జరిగే పొరపాట్లలో ఒకటి పాత బండ్లకే ప్రత్యేకం. టై రాడ్డు మరలు తుప్పుపట్టి ఒక వైపు కదలవు. షాపులో తొందర, కాబట్టి కదిలే వైపే తిప్పి మొత్తం టో సరిచేస్తారు. అంకె పచ్చబడుతుంది, స్టీరింగ్ వంకరపోతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి స్టీరింగ్ వీల్ ఊడదీసి ఒక పన్ను జరిపి బిగించడం ఇంకా పెద్ద పొరపాటు. ర్యాక్ మధ్యలో లేకుండా పోతుంది, బండి ఒక వైపు ఎక్కువ, రెండో వైపు తక్కువ తిరుగుతుంది. రెండు వైపులా టై రాడ్డు మరలు బయటికి ఎన్ని కనబడుతున్నాయో చూస్తే ఈ పని జరిగిందో లేదో తెలుస్తుంది. షాపుకి వెళ్లే ముందు రోజు రాత్రి రెండు లాక్ నట్ల మీదా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే ఈ గొడవే ఉండదు. లాక్ నట్ బిగించేటప్పుడు రాడ్డు కాస్త తిరిగి అంకె మారుతుంది కాబట్టి, బిగించిన తరవాత అంకె చూపించమనాలి.

టో ఇంట్లోనే చూసుకోవచ్చు, సెంటీమీటరు టేపు చాలు. బండిని జాకీ దించాక నాలుగైదు మీటర్లు ముందుకీ వెనక్కీ నెట్టాలి, లేకపోతే గాలిలో వేలాడిన చక్రాలు ఇంకా బిగదీసుకునే ఉంటాయి. రెండు ముందు టైర్లకీ వెనక వైపు, ఇరుసు ఎత్తులో, పరుపు నడుమ సుద్దముక్కతో సన్నటి గీత పెట్టి వాటి మధ్య దూరం కొలవాలి. ఆ గీతలే ముందు వైపుకి అదే ఎత్తుకి వచ్చేదాకా బండిని ముందుకి నెట్టి మళ్లీ కొలవాలి. అవే గీతలు కాబట్టి రిమ్ము వంకర లెక్కలోకి రాదు. ముందు వైపు కొలత తక్కువైతే టో-ఇన్. ఎంత ఉండాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. మెషీను అంత కచ్చితం కాకపోయినా, మూడు నాలుగు మిల్లీమీటర్ల తప్పుని ఇది దాటనివ్వదు.

బుష్‌లు మార్చిన చోట ఒక జాగ్రత్త. లోయర్ ఆర్మ్ లోపలి కొస బోల్టుని బండి జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించేస్తే, నేల మీదకి దించాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలిబడే ఉంటుంది, కొత్త బుష్ కూడా త్వరగానే చిట్లుతుంది. సగం బిగించి, బండి దించి, బరువు పడ్డాక పూర్తిగా బిగించాలి. ఆ తరవాత మెషీను.

అన్నీ సరిగ్గా చేసినా పాత టైర్ల నుంచి గుర్రుమనే చప్పుడు కొంతకాలం వస్తూనే ఉంటుంది. పొలుసులుగా అరిగిన గట్లు ఒక్కరోజులో నున్నబడవు, ఆ చప్పుడు విని అలైన్‌మెంట్ మళ్లీ కదిలించడం అనవసరం. సర్దిన రోజే ప్రతి ముందు టైరుకీ లోపలి భుజం, నడుమ, బయటి భుజం దగ్గర గాడి లోతు మిల్లీమీటర్లలో కొలిచి ఆ ప్రింట్ కాగితం వెనకే రాసిపెట్టుకుంటే, రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిచి ఏ చోట ఎంత తగ్గిందో చూసుకోవచ్చు.